చివరి వరుస ఎక్కడ? ఒక ఫిర్యాదుల షీట్ కేస్ స్టడీ

నేపథ్యం

ఒక సేవా సంస్థ తనకొచ్చే ఫిర్యాదుల్ని ఎక్సెల్ ఫైల్‌లో రాసుకుంటుంది. సంస్థ ఏదో, ఎక్కడిదో చెప్పను, ఈ కేసుకు ఆ వివరం అక్కర్లేదు కూడా. ఫిర్యాదుల్లోని మాటల్ని కూడా మార్చాను. నేను వేసిన తప్పటడుగుల్ని మాత్రం దాచలేదు, ఈ కేసు రాయడానికి సగం కారణం అవే.

ఫైల్‌లో రెండు షీట్లు. మొదటిది 'నమోదు'. ఒక్కో ఫిర్యాదుకు ఒక్కో వరుస: ఏ కాలమ్‌లో తేదీ, బీలో నంబరు, సీలో ఫిర్యాదు మొత్తం మాటల్లో, డీలో విభాగం, ఈలో చూడాల్సిన మనిషి. ఆరుగురు వంతులవారీగా ఎక్కిస్తారు. కొందరు తెలుగులో కొడతారు, కొందరు ఇంగ్లీషులో, ఒకరిద్దరు మెయిల్‌లోంచి కాపీ చేసి అతికిస్తారు. నేను చూసేనాటికి నాలుగు వేల పైచిలుకు వరుసలున్నాయి. రెండోది 'ఈరోజు' షీట్. చివరగా వచ్చిన ఫిర్యాదు, దాని విభాగం, దాన్ని చూడాల్సిన మనిషి పేరు పెద్ద అక్షరాల్లో కనిపిస్తాయి. ఆ షీట్‌ని పెద్ద తెర మీద పెట్టి, పొద్దున్నే అది చూసి పని పంచుకుంటారు.

ఫైల్ తయారుచేసినతను వేరే ఉద్యోగానికి వెళ్లిపోయాడు. ఏ ఫార్ములా ఎందుకు పెట్టాడో ఎక్కడా రాసిపెట్టలేదు.

ఒక చిన్న మాట. ఫంక్షన్ల పేర్లు, కాలమ్ అక్షరాలు ఇక్కడ తెలుగులోనే రాస్తున్నాను. మీ షీట్‌లో కొట్టేటప్పుడు వాటి ఇంగ్లీషు స్పెల్లింగే కొట్టాలి.

వచ్చిన సమస్య

విభాగం పర్యవేక్షకురాలు ఫోన్ చేసి చెప్పిన మొదటి మాట ఇది: "రోజూ పాడైతే మేమే ఎలాగోలా చూసుకునేవాళ్లం అండీ. ఒకరోజు బాగుంటుంది, మర్నాడు ఉండదు, మళ్లీ దానంతటదే బాగైపోతుంది. ఎవరికి చెప్పినా నమ్మరు."

ఇలా వచ్చిపోయే సమస్య దగ్గర తొందరపడి ఫైల్ తెరవడం నాకు అలవాటు లేదు. తెరిచిన రోజున అది బాగుంటే మనం చూసేదేమీ ఉండదు. అందుకని రెండు వారాలు ఆగమన్నాను. రోజూ పొద్దున తెర మీద ఏం కనిపించిందో ఒక ఫోటో, 'నమోదు' షీట్ అడుగున చివరి వరుసలు ఎలా ఉన్నాయో ఇంకో ఫోటో తీసి పెట్టమని అడిగాను. ఆవిడకు ఇది కాలయాపనలా అనిపించింది. అయినా తీయించారు.

పది పనిదినాల ఫోటోలు వచ్చాయి. నాలుగు రోజులు సరిగ్గా ఉంది. మూడు రోజులు ఫిర్యాదు కనిపించింది గానీ విభాగం, పేరు ఉండాల్సిన చోట #వాల్యూ! అనే ఎర్రర్ వచ్చింది. రెండు రోజులు రెండు మూడు వరుసల పైనున్న పాత ఫిర్యాదు కనిపించింది. ఒకరోజు ఏమీ లేదు, ఖాళీ.

ఫైల్‌లో ఉన్నది

'ఈరోజు' షీట్‌లో చివరి ఫిర్యాదు తెచ్చే ఫార్ములా ఇలా ఉంది:

=ఆఫ్‌సెట్(నమోదు!సీ1, కౌంట్ఏ(నమోదు!సీ:సీ)-1, 0)

సీ కాలమ్‌లో నిండిన సెల్స్ ఎన్నో లెక్కపెట్టి, అన్ని వరుసలు కిందికి దిగుతుంది. మధ్యలో ఒక్క ఖాళీ కూడా లేనంతవరకు ఇది సరిగ్గా చివరి వరుస మీదే ఆగుతుంది.

విభాగం తెచ్చేది ఇది:

=ఇండెక్స్(నమోదు!డీ:డీ, మ్యాచ్(బీ3, నమోదు!సీ:సీ, 0))

బీ3 అంటే పైన తెచ్చిన ఫిర్యాదు మాటలే. చివరి ఫిర్యాదు చేతికొచ్చింది కదా అని ఆ మాటల్నే పట్టుకుని మళ్లీ సీ కాలమ్‌లో వెతికి, దొరికిన వరుసలోంచి విభాగం తెచ్చుకున్నాడు ఆ కుర్రాడు. ఇంటి తలుపు దాకా వెళ్లి, అక్కడి నుంచి వెనక్కొచ్చి మళ్లీ ఆ ఇంటి అడ్రస్ అడిగినట్టు. అప్పటికి పది వరుసలతో పరీక్షించి చూసి ఉంటాడు, పని చేసింది. అతన్ని తప్పుపట్టను. నా పాత ఫైళ్లలోనూ ఇలాంటివి దొరుకుతాయి.

ముందు వాళ్లు చేసినవి

నేను రాకముందే వాళ్లు రెండు ప్రయత్నాలు చేశారు. సీ కాలమ్‌లో ఖాళీ వదిలితే లెక్క తప్పుతోందని ఎవరో కనిపెట్టి, ఖాళీ చోటల్లా '-' పెట్టించారు. వారం బాగా నడిచింది. కానీ మధ్యలో తెగిపోయిన ఫోన్ కాల్స్‌కు తేదీ, నంబరు మాత్రమే రాసి సీని వదిలేసే అలవాటు అందరికీ ఉంది. ఎనిమిదో రోజున మళ్లీ ఖాళీ పడింది. ఆరుగురు మనుషులు ఒక్కసారి కూడా మర్చిపోకూడదు అనే షరతు మీద నిలబడే ఏర్పాటు ఎక్కువ రోజులు నిలవదు.

రెండో ప్రయత్నం ఇంకా ముఖ్యం. #వాల్యూ! వస్తున్నది పెద్ద ఫిర్యాదులకే అని ఇంకొకరు గమనించారు. అది నిజంగా మంచి గమనిక. దానికి మందుగా ఫిర్యాదును =లెఫ్ట్(సీ2,255) తో కోసి పక్క కాలమ్‌లో పెట్టుకుని, అక్కడ వెతికించారు. #వాల్యూ! పోయింది. బదులుగా తప్పు విభాగం రావడం మొదలైంది. మెయిల్‌లోంచి అతికించే ఫిర్యాదులకు మొదట్లో ఒకే రకం మర్యాద వాక్యాలు ఉంటాయి, అసలు సంగతి చివర్లో వస్తుంది. 255 దగ్గర కోస్తే రెండు వేర్వేరు ఫిర్యాదులు ఒకటే అయిపోయేవి, మ్యాచ్ పైన ఉన్నదాన్ని పట్టుకొచ్చేది. ఒక ఫిర్యాదు వేరే మనిషి బల్ల మీద రెండు రోజులు కూర్చుంది. అప్పుడు దాన్ని తీసేసి పాత ఫార్ములాకే వెళ్లారు. సరైన నిర్ణయమే అది. #వాల్యూ! అని కనిపిస్తే కనీసం ఎవరో ఒకరు లేచి 'నమోదు' షీట్ తెరిచి చూస్తారు. తప్పు పేరు కనిపిస్తే ఎవరూ లేవరు.

నా మొదటి పొరపాటు

పక్కపక్క సెల్స్‌లో తప్పులు కనిపించేసరికి రెండింటికీ ఒకటే కారణం అనుకున్నాను. చివరి వరుసను పట్టుకునే ఫార్ములా సరిగ్గా లేదు, అది బాగుచేస్తే #వాల్యూ! కూడా పోతుంది అని నా లెక్క. 255 గురించి వాళ్లు చెప్పింది విన్నాను గానీ పక్కన పెట్టాను. ఒక సెల్‌లో 32,767 అక్షరాలు పడతాయి, వీళ్ల ఫిర్యాదు ఎంత పెద్దదైనా అందులో పదోవంతు ఉండదు, ఇక పొడవుతో ఏం ఇబ్బంది అనుకున్నాను. ఈ ధీమాకు ఒక రోజు పని బలైంది.

కౌంట్ఏకు బదులు నేను పెట్టింది చాలామంది వాడే కిటుకు:

=మ్యాచ్(రెప్ట్("జెడ్",50), నమోదు!సీ:సీ)

ఇక్కడ కొటేషన్ల మధ్య ఉన్నది ఇంగ్లీషు చివరి అక్షరం అనుకోండి, రెప్ట్ దాన్ని వరుసగా యాభైసార్లు రాస్తుంది. మూడో భాగం ఇవ్వకపోతే మ్యాచ్, జాబితా చిన్నదాని నుంచి పెద్దదానికి వరుసలో ఉందని నమ్మి వెతుకుతుంది. ముందు మధ్య సెల్ చూస్తుంది. తను వెతికేది అంతకంటే పెద్దదైతే పై సగం వదిలేసి కింది సగానికి పోతుంది, మళ్లీ అందులో మధ్య సెల్ చూస్తుంది. ఇలా సగం సగం చేసుకుంటూ పోతే 10,48,576 వరుసలున్నా 20 చూపుల్లో తేలిపోతుంది. మనం అన్నిటికంటే పెద్ద మాట ఇస్తే అది ప్రతిసారీ కిందికే పోతుంది, చివరికి ఆఖరి మాట మీద ఆగుతుంది. మధ్యలో ఖాళీలున్నా, సంఖ్యలున్నా పట్టించుకోదు. అంకెల జాబితాకైతే 9.99ఈ+307 లాంటి భారీ సంఖ్య ఇస్తారు. పద్ధతి అదే.

నా దగ్గర ఇంగ్లీషు మాటలతో చేసిన నమూనా షీట్‌లో గడియారంలా నడిచింది. వాళ్ల ఫైల్‌లో పెడితే మూడు వేల చిల్లర వరుస చూపించింది. ఒక ఫిర్యాదు చేర్చి చూస్తే కదల్లేదు.

కారణం తట్టడానికి కాస్త సమయం పట్టింది. తట్టాక నవ్వొచ్చింది. ఎక్సెల్ వరుస పేర్చే క్రమంలో తెలుగు అక్షరాలు ఇంగ్లీషు అక్షరాలన్నిటి తరవాత వస్తాయి. అంటే ఆ ఇంగ్లీషు చివరి అక్షరాన్ని యాభైసార్లు రాసినా 'అ' కంటే చిన్నదే. మధ్య సెల్‌లో తెలుగు ఫిర్యాదు తగిలిందనుకోండి, "నేను వెతికేది దీనికంటే చిన్నది" అని మ్యాచ్ పైకి పోతుంది. కింది సగం ఇక చూడదు. ఏడు వరుసల జాబితాలో నాలుగోది తెలుగైతే మిగతా ఆరూ ఇంగ్లీషైనా సరే, ఐదు నుంచి ఏడు దాకా దానికి లేనట్టే. మన భాషలో షీట్లు నడిపేవాళ్లు ఈ కిటుకును ఎక్కడో చదివి తెచ్చుకునే ముందు ఇది గుర్తుపెట్టుకోవాలి.

తెలుగులో చివర్లో వచ్చే అక్షరం పెడితే సరిపోదా అని పర్యవేక్షకురాలు అడిగారు. పెట్టి చూశాను, పని చేసింది కూడా. కానీ రేపు ఇంకో లిపిలోంచి ఎవరో అతికిస్తే? ఏ అక్షరం ఏ అక్షరం తరవాత వస్తుందో ప్రోగ్రామ్‌కు తప్ప మనకు కంటికి కనిపించని క్రమం మీద ఆ తెర ఆధారపడటం నాకు నచ్చలేదు. వదిలేశాను.

తేదీల కాలమ్ మీద భారీ సంఖ్య కిటుకు వేద్దామనుకున్నాను. తేదీలు లోపల సంఖ్యలే కాబట్టి లిపి గొడవ ఉండదు. ఏ కాలమ్ కిందికి జరిపి చూస్తే, నెలాఖరు దాకా తేదీలు ముందే లాగి పెట్టేశారు, పని తేలికవుతుందని. తేదీల ప్రకారం చివరి వరుస ఇంకా రాయని ఫిర్యాదుది. పైగా కొన్ని తేదీలు చుక్కలు పెట్టి కొట్టినవి, సెల్‌లో ఎడమవైపు అంటుకుని ఉన్నాయి. అంటే ఎక్సెల్ దృష్టిలో అవి తేదీలు కావు, మాటలు. ఆ దారీ మూసుకుపోయింది.

255 దగ్గరికి మళ్లీ

అప్పుడు వెనక్కొచ్చి ఫోటోలు మళ్లీ ముందేసుకున్నాను. మొదట్లోనే చేయాల్సిన పని ఇది. పది రోజుల్లో ఒక్కో రోజు తెర మీద కనిపించిన ఫిర్యాదును 'నమోదు'లో వెతికి, పక్కన =లెన్ పెట్టి పొడవు చూశాను. #వాల్యూ! వచ్చిన మూడు రోజుల పొడవులు 261, 274, 318. మిగతా రోజుల్లో అన్నిటికంటే పొడవైనది 240.

అనుమానం తీర్చుకోవడానికి ఖాళీ షీట్ తెరిచాను. ఏ1లో =రెప్ట్("క",255), ఏ2లో =రెప్ట్("క",256) పెట్టాను. పక్కన =మ్యాచ్(ఏ1,ఏ:ఏ,0) అంటే 1 వచ్చింది. =మ్యాచ్(ఏ2,ఏ:ఏ,0) అంటే #వాల్యూ!. ఒక్క అక్షరం తేడా. సెల్‌లో 32,767 పడుతుందన్నది నిజమే. మ్యాచ్‌కు వెతకమని ఇచ్చే మాట మాత్రం 255 దాటకూడదు. వెతికే ఇంకో ఫంక్షన్ వీలుకప్‌ది కూడా ఇదే తీరు. ఒక మాట ఎన్నిసార్లు ఉందో లెక్కపెట్టే కౌంట్‌ఇఫ్‌ను కూడా అంతకంటే పొడవైన మాటలతో నమ్మకూడదు. ఫార్ములాలోనే కొటేషన్ల మధ్య రాసే మాటకు కూడా హద్దు 255 అక్షరాలే. ఎక్సెల్ 95 దాకా సెల్‌లోనే 255 పట్టేవి, 97లో అది 32,767 అయింది. గది పెద్దదైంది గానీ కొన్ని గుమ్మాలు పాత కొలతలోనే ఉండిపోయాయి.

255 అక్షరాలంటే పెద్ద ఫిర్యాదు కదా, అంత పొడవువి తరచూ వస్తాయా అని మీకు సందేహం రావచ్చు. నాకూ వచ్చింది. లెన్ మనలా లెక్కపెట్టదు. 'ఫిర్యాదు' అన్న మాట కంటికి మూడక్షరాలు: ఫి, ర్యా, దు. లెన్ చెప్పేది 8. ఫ, గుడి, ర, పొల్లు, య, దీర్ఘం, ద, కొమ్ము, ఒక్కోటీ ఒక్కో లెక్క. 'స్త్రీ' కంటికి ఒకటే అక్షరం, లెన్‌కు 6. ఈ లెక్కన తెలుగులో నాలుగు వాక్యాలు రాస్తే చాలు, 255 దగ్గరకొచ్చేస్తుంది. అదే సంగతి ఇంగ్లీషులో ఎక్కించినవాళ్ల ఫిర్యాదులు హద్దు లోపలే ఉండేవి. దాంతో ఆఫీసులో "తెలుగులో కొడితే షీట్ పాడవుతోంది" అని ఒక పుకారు పుట్టింది. ఎక్కించేవాళ్లలో ఒకామె ఆ మాట నమ్మి రాని ఇంగ్లీషులో తంటాలు పడుతోందని తరవాత తెలిసింది.

ఇప్పుడు వచ్చిపోయే గుణం అర్థమైంది. ఆ రోజు చివరగా వచ్చిన ఫిర్యాదు 255 దాటితే #వాల్యూ!. మర్నాడు చిన్న ఫిర్యాదు వస్తే దానంతటదే బాగవుతుంది. పాత ఫిర్యాదు కనిపించడం వేరే కథ: సీలో ఖాళీలు ఎన్నుంటే కౌంట్ఏ అన్ని వరుసలు పైన ఆగుతుంది. జాబితా కింద కొన్ని సెల్స్‌లో ఉత్త స్పేస్ ఉంది, ఎవరో పొరపాటున రాసింది చెరపడానికి స్పేస్‌బార్ కొట్టారు. కౌంట్ఏకు అది నిండిన సెల్. ఖాళీలు లెక్కను తగ్గిస్తే స్పేస్‌లు పెంచుతాయి. స్పేస్‌లు ఎక్కువైన రోజున తెర ఖాళీ. రెండూ సమానమైన రోజున అంతా సరిగ్గా ఉన్నట్టు కనిపించేది.

ఆ "సరిగ్గా ఉన్న" నాలుగు రోజుల్ని కూడా పరిశీలించాను. ఒక రోజున ఫిర్యాదు సరైనదే, విభాగం తప్పు. ఫిర్యాదులో ఉన్నది "ఇంకా ఎవరూ రాలేదు" అనే మూడు మాటలు. అచ్చంగా అవే మాటలతో ఏడు నెలల కింద ఇంకో ఫిర్యాదు ఉంది, మ్యాచ్ దాన్ని పట్టింది. ఇంకో చిక్కు, ఆ రోజుల్లో తగల్లేదు గానీ తగలాల్సిందే: మూడో భాగం 0 ఇచ్చినప్పుడు మ్యాచ్ ప్రశ్నార్థకాన్ని 'ఏదైనా ఒక అక్షరం' అని చదువుతుంది, నక్షత్రాన్ని 'ఏదైనా, ఎంతైనా' అని. "ఎప్పుడు వస్తారు?" అని వెతికితే అంతకు ముందెక్కడో ఉన్న "ఎప్పుడు వస్తారు!" దొరికి ఊరుకుంటుంది. ప్రశ్నతో ముగియని ఫిర్యాదులెన్నుంటాయి?

పనిచేసిన దారి

పొడవును 250 దగ్గర ఆపేద్దామని ఒక సలహా వచ్చింది, సెల్‌లో ఏం కొట్టొచ్చో కట్టడి చేసే డేటా వాలిడేషన్‌తో. రెండు కారణాలతో వద్దన్నాను. చేత్తో కొట్టినప్పుడే అది ఆపుతుంది, అతికించినప్పుడు ఆపదు, వీళ్ల పొడవైన ఫిర్యాదులు చాలావరకు అతికించినవే. రెండోది, షీట్‌లో ఫార్ములా బలహీనంగా ఉందని ఫిర్యాదు చేసేవాళ్ల మాటను కుదించడం నాకు ఇబ్బందిగా అనిపించింది. గూగుల్ షీట్స్‌కు మారితే సెల్‌కు 50,000 అక్షరాలు కదా అని ఇంకొకరన్నారు. మనం ఇరుక్కున్నది సెల్ హద్దు దగ్గర కాదు కాబట్టి అదీ పక్కన పెట్టాం.

పొడవైన మాటను వెతకాలంటే ఒక దారి ఉంది. మ్యాచ్‌కు మాట ఇవ్వకుండా =మ్యాచ్(ట్రూ, ఇండెక్స్(సీ2:సీ6000=బీ3,0),0) అని రాయొచ్చు. సమానమా కాదా అని '=' గుర్తుతో పోల్చడానికి 255 హద్దు లేదు, ప్రశ్నార్థకాల గొడవా లేదు. మొదట అదే పెట్టాను. #వాల్యూ! పోయింది. కానీ "ఇంకా ఎవరూ రాలేదు" ఫిర్యాదు మళ్లీ ఏడు నెలల కిందటి విభాగాన్నే చూపించింది. అక్కడ ఆగి ఆలోచిస్తే, అసలు వెతకడమే అనవసరం. చివరి వరుస నంబరు ఒక్కసారి తెలిస్తే ఫిర్యాదు, విభాగం, పేరు అన్నీ ఆ వరుసలోంచే తెచ్చుకోవచ్చు. ఫిర్యాదు 20 అక్షరాలైనా 2,000 అయినా ఒకటే.

ఇక మిగిలింది వరుస నంబరు. దానికి పెట్టింది ఇది:

=లుకప్(2, 1/(లెన్(ట్రిమ్(సబ్‌స్టిట్యూట్(నమోదు!సీ2:సీ6000, చార్(160), " ")))>0), రో(నమోదు!సీ2:సీ6000))

లోపలి నుంచి చదవండి. మెయిల్, వెబ్ పేజీల నుంచి అతికించినప్పుడు 160 నంబరు స్పేస్ ఒకటి వస్తుంది, మామూలు స్పేస్‌లా కనిపిస్తుంది గానీ అదనపు స్పేస్‌లు తీసేసే ట్రిమ్ దాన్ని తీయదు. అందుకని ముందు దాన్ని మామూలు స్పేస్‌గా మార్చాను. తరవాత ట్రిమ్. తరవాత పొడవు. సున్నా కంటే ఎక్కువుంటే ట్రూ, లేకపోతే ఫాల్స్. 1ని ట్రూతో భాగిస్తే 1, ఫాల్స్‌తో భాగిస్తే #డివ్/0!. అంటే ఫిర్యాదు ఉన్న ప్రతి వరుసకూ 1, లేని వరుసకు ఎర్రర్. లుకప్ ఎర్రర్లను దాటేసి పోతుంది. 1లు తప్ప ఏమీ లేని జాబితాలో 2 కోసం వెతికితే అది ఎక్కడా దొరకదు, చివరి 1 మీద ఆగుతుంది. సగం సగం చేసి వెతికే ఆ పాత పద్ధతే ఇది కూడా. కానీ ఈసారి పోల్చేది ఎవరో కొట్టిన మాటల్ని కాదు, మనం తయారుచేసిన 1లను. లిపి ఏదైనా ఒకటే.

'ఈరోజు' షీట్‌లో ఈ ఫార్ములా ఒక్క సెల్‌లో, బీ1లో ఉంది. మిగతావన్నీ =ఇండెక్స్(నమోదు!సీ:సీ, బీ1), =ఇండెక్స్(నమోదు!డీ:డీ, బీ1) లాంటివి.

అత్యధిక వరుస నంబరును సమ్‌ప్రోడక్ట్, మ్యాక్స్ కలిపి తీసే ఇంకో పద్ధతి ఉంది, చదవడానికి సులువు కూడా. దాన్ని ఎందుకు తీసుకోలేదంటే, ఒకతనికి ఫిర్యాదును '-' గీతతో మొదలుపెట్టే అలవాటు. ఎక్సెల్ దాన్ని ఫార్ములా అనుకుని కొన్నిసార్లు #నేమ్? చూపిస్తుంది. సీలో ఎక్కడో ఒక్క ఎర్రర్ ఉన్నా సమ్‌ప్రోడక్ట్ మొత్తం ఎర్రరవుతుంది. లుకప్ ఆ ఒక్క వరుసనే వదిలేస్తుంది. ఎర్రర్ వరుసే చివరిదైతే ఇదీ తప్పుతుంది గనక సీ కాలమ్‌కు టెక్స్ట్ ఫార్మాట్ పెట్టాం.

కొత్త వెర్షన్లలో ఎక్స్‌మ్యాచ్ ఉంది, కింది నుంచి పైకి వెతకమని నేరుగా చెప్పొచ్చు. వీళ్ల కంప్యూటర్లలో రెండు పాత వెర్షన్‌వి. ఆ రెండింటిలో తెరిచిన రోజున తెర పాడైతే మళ్లీ "ఒకరోజు బాగుంటుంది" కథే. అందుకని వాడలేదు. మొత్తం డేటాను టేబుల్‌గా మార్చడం కూడా మంచి దారే, దానంతటదే పెరుగుతుంది. కానీ 'నమోదు' షీట్‌కు ప్రొటెక్షన్ వేసి ఉంది, అలా వేసిన షీట్‌లో టేబుల్ కింద కొత్త వరుస రాస్తే అది పెరగదు. ప్రొటెక్షన్ తీయడానికి ఆవిడ ఒప్పుకోలేదు. ఆవిడ కారణాలు ఆవిడకున్నాయి.

పరీక్షించిన తీరు

మొదటిసారి చిన్న మాటలతో పరీక్షించి దెబ్బతిన్నాను కాబట్టి ఈసారి జాబితా చివర కావాలని చెత్త పెట్టాను. 300 అక్షరాల తెలుగు ఫిర్యాదు, దాని కింద రెండు ఖాళీ వరుసలు, ఉత్త స్పేస్ ఉన్న సెల్, 160 స్పేస్ ఉన్న సెల్, ప్రశ్నార్థకంతో ముగిసే ఫిర్యాదు, పాతదానితో అక్షరం పొల్లుపోకుండా కలిసే ఫిర్యాదు. ఒక్కోటి చేరుస్తూ, ప్రతిసారీ తెర చూపించింది సరైందేనా అని కంటితో సరిచూశాం. పర్యవేక్షకురాలు పక్కన కూర్చుని తనే కొట్టారు. ఆవిడ పెట్టిన పరీక్ష నాకు తట్టలేదు: మధ్యలో ఒక వరుసను డిలీట్ చేశారు. నిలిచింది.

తోకలో ఇంకోటి

ఇది ముగిశాక వాళ్లే ఇంకో సంగతి తెచ్చారు. నెలకోసారి ఈ షీట్‌ను డేటాబేస్‌లోకి ఎక్కిస్తారు. అక్కడ కొన్ని ఫిర్యాదులు సరిగ్గా 255 దగ్గర తెగిపోయి ఉన్నాయి. ఏ ఎర్రరూ లేదు. ఎక్సెల్‌లోంచి చదివే డ్రైవర్ మామూలుగా మొదటి 8 వరుసలు చూసి ఆ కాలమ్ ఏ రకమో నిర్ణయించుకుంటుంది. ఆ ఎనిమిదింటిలో పొడవైనది లేకపోతే చిన్న టెక్స్ట్ అనుకుని 255 దగ్గర కోసేస్తుంది. వీళ్ల మొదటి ఎనిమిది ఫిర్యాదులూ ఒక్కో వాక్యానివి. విండోస్ తన సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలో ఆ 8ని మార్చొచ్చు గానీ ఆఫీసు కంప్యూటర్లలో ఆ అనుమతి లేదు. పైన ఒక దొంగ వరుస పెట్టడం నాకిష్టం లేదు, ఏదో ఒకరోజు దాన్ని కూడా ఫిర్యాదుగా లెక్కేస్తారు. చివరికి ఎక్కించే ముందు ఒక కాపీ తీసి, లెన్ కాలమ్ పెట్టి, పొడవైనవి పైకి వచ్చేలా సార్ట్ చేసి ఎక్కించే పద్ధతి పెట్టాం. అప్పటికే తెగినవాటిని ఎక్సెల్ నుంచి మళ్లీ ఎక్కించాం.

నేను నేర్చుకున్నది

వచ్చిపోయే తప్పును చూసేటప్పుడు బాగున్న రోజుల్ని కూడా తప్పున్న రోజులంత శ్రద్ధగా చూస్తున్నాను ఇప్పుడు. ఈ కేసులో సగం సమాచారం ఆ నాలుగు "మంచి" రోజుల్లోనే ఉంది. పొడవు హద్దు అనగానే సెల్ హద్దు ఒక్కటే గుర్తొచ్చే అలవాటు కూడా పోయింది. ఆ మాట సెల్‌లోంచి బయటికొచ్చి ఏ ఫంక్షన్ చేతిలోకి, ఏ డ్రైవర్ చేతిలోకి పోతోందో అడుగుతున్నాను. జాబితా చివర ఏదని ఎవరైనా అడిగితే ముందు ఖాళీ అంటే మీ దృష్టిలో ఏమిటని అడుగుతాను. ఈ ఫైల్‌లో ఆరుగురు దానికి కనీసం నాలుగు రకాలుగా జవాబు చెప్పారు, తేదీ ఉండి మాట లేని వరుస ఖాళీయేనా అన్న దగ్గర చిన్న వాదన కూడా జరిగింది.

సాంకేతికం కాని తప్పు కూడా ఒకటుంది. "పెద్ద ఫిర్యాదులకే వస్తోంది" అని మొదటిరోజే చెప్పినామె మాట నేను వినలేదు. ఆమెకు 255 ఎందుకో తెలియదు గానీ 255 అని తెలుసు.

తరవాత

అయిదు నెలలు నిక్షేపంగా నడిచింది. ఆ తరవాత ఫోన్: "అండీ, రెండు రోజుల నుంచి తెర మీద ఒకే ఫిర్యాదు ఉంది, కదలడం లేదు." అంత మాట విన్నాక ఫైల్ తెరవక్కర్లేదు. 6000వ వరుస దాటిపోయారు. మొత్తం కాలమ్ ఇస్తే ఎక్కించిన ప్రతిసారీ పది లక్షల పైచిలుకు సెల్స్ లెక్కేస్తూ ఫైల్ మొరాయిస్తుందని ఆ హద్దు పెట్టింది నేనే. 5500 దాటగానే ఎర్రగా హెచ్చరిక వచ్చే సెల్ కూడా పెట్టాను. అది జెడ్ కాలమ్‌లో ఉంది. తెర మీద జీ దాకానే కనిపిస్తుంది.

హద్దును 20000 చేసి, హెచ్చరికను తీసుకొచ్చి ఫిర్యాదు పక్కనే పెట్టాను.